పన్నెండు–సున్నా–పన్నెండు: పశ్చిమ డెల్టా ఊళ్లలో యాంప్లిఫయర్ కరెంటు కథ

చేత్తో కట్టుకున్న యాంప్లిఫయర్‌లో కట్టినవాడి సొంతమని చెప్పదగింది పవర్ సప్లయ్ ఒక్కటే. మిగతాదంతా బయటి నుంచి వచ్చిందే. వాల్వుల కాలంలో సర్క్యూట్ ఫిలిప్స్, ఆర్‌సీఏ కంపెనీల పుస్తకాల్లోంచి వచ్చింది. ట్రాన్సిస్టర్ల కాలంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ డేటా షీట్లలోంచీ, 1969లో ఢిల్లీలో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యు’ పత్రిక పేజీల్లోంచీ వచ్చింది. ఐసీలు వచ్చేసరికి ఇటలీ ఎస్‌జీఎస్, జపాన్ సాన్యో కంపెనీలు ఐసీతో పాటు దాని చుట్టూ ఏ రెసిస్టర్ పెట్టాలో, ఏ కెపాసిటర్ పెట్టాలో కూడా గీసి ఇచ్చేశాయి. ఆ బొమ్మ చూసి మిలాన్‌లో కట్టినా తెనాలిలో కట్టినా సర్క్యూట్ ఒకటే. కానీ గోడ ప్లగ్గులో ఎంత ఓల్టేజి ఉంటుంది, ఏ వేళకు పడిపోతుంది, ఏ వేళకు పైకి లేస్తుంది, పోయిన కరెంటు ఎప్పటికి వస్తుంది అన్నవి ఏ డేటా షీట్‌లోనూ ఉండవు. వాటికి జవాబు ఆ ఊరి స్తంభం మీది తీగే చెప్పాలి. కాబట్టి కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో యాంప్లిఫయర్లు కట్టుకున్నవాళ్ల తెలివి ఎక్కడ కనిపిస్తుందని వెతికితే, అది శబ్దాన్ని పెద్దది చేసే భాగంలో కాదు, ఆ భాగానికి తిండి పెట్టే భాగంలో కనిపిస్తుంది. ఇక్కడి యాంప్లిఫయర్ చరిత్ర అంటే ముఖ్యంగా దాని పవర్ సప్లయ్ చరిత్రేనని నా వాదన.

ఈ పని చేసినవాళ్లు గ్రంథాలు రాయలేదు. రేడియో రిపేరు షాపుల్లో, మోటారు వైండింగ్ షాపుల్లో, సౌండ్ సర్వీసు కొట్లలో, ఇళ్ల వసారాల్లో ఆ పని జరిగిపోయింది. అలాగని ఆధారాలు లేవనలేం. ఏ ఐసీ ఎన్ని ఓల్టులకు మించితే కాలిపోతుందో తయారీదారు అచ్చు వేసి ఇచ్చాడు. ఇంటికొచ్చే ఓల్టేజి ఎంత అటూ ఇటూ ఊగవచ్చో ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. పాత పెట్టెల్లో ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు ఏ సైజులో ఉన్నాయో విప్పి చూసుకోవచ్చు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఆ మెకానిక్కులు ఎందుకలా చేశారో చాలావరకు బోధపడుతుంది.

ఈ గడ్డ మీద గొంతుకు యాంప్లిఫయర్ అవసరమేముంది అని ఎవరైనా అడిగితే అది సబబైన ప్రశ్నే. తెనాలి నాటకాల ఊరు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది ఇక్కడే. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, 1920లలో సత్యభామ వంటి స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకున్నది మైకు ఎరగని రంగస్థలం మీద. పద్యం చివర తీసిన రాగం ఆఖరి వరస దాకా వినపడటం అప్పట్లో నటుడికి కనీస అర్హత. కానీ ఆ అర్హత నాలుగు గోడల హాలుకు సరిపోయిందే తప్ప తిరునాళ్ల మైదానానికి సరిపోలేదు. దేశంలో లౌడ్‌స్పీకర్‌ను జనంలోకి తెచ్చినవి రాజకీయ సభలు. మోత్వానీల షికాగో రేడియో కంపెనీ 1931 కరాచీ కాంగ్రెస్ నాటి నుంచి సభలకు మైకులు అమర్చింది. ఒకసారి మైకులో ఉపన్యాసం విన్న జనం తర్వాత హరికథనూ నాటకాన్నీ కూడా అంతే స్పష్టంగా వినాలనుకున్నారు. శ్రీరామనవమి పందిరి పది ఊళ్ల జనం కూర్చునే చోటయ్యాక హార్మోనియం పక్కన మైకు నిలబడక తప్పలేదు. నటుల గొంతు తగ్గిందని మైకు రాలేదు, వినే జనం పెరిగారని వచ్చింది.

అయితే ఆ పందిరి వేసిన చోట కరెంటు ఉండేది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద జలవిద్యుత్ కేంద్రాలు పైకారా 1932లో, మెట్టూరు 1937లో వచ్చాయి. రెండూ తమిళ ప్రాంతానివే. ఆంధ్రకు చెప్పుకోదగ్గ జలవిద్యుత్తు 1955లో మాచ్‌ఖండ్‌తో గాని మొదలు కాలేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959 ఏప్రిల్‌లో. ఊరూరా స్తంభాలు పాతడం ఆ తర్వాతి పని. అందుచేత పల్లెల్లో యాంప్లిఫయర్ మొదటి పవర్ సప్లయ్ లారీ బ్యాటరీ. ఇక్కడే మొదటి చిక్కు. బ్యాటరీ ఇచ్చేది 6 లేదా 12 ఓల్టులు. 6ఎల్6, 807 లాంటి పవర్ వాల్వులు అడిగేది మూడు నాలుగు వందల ఓల్టులు. ఈ రెండింటి మధ్య నిలబడింది వైబ్రేటర్ అనే చిన్న డబ్బా. అందులో ఉక్కు రేకు ఒకటి సెకనుకు వంద సార్లు కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని ట్రాన్స్‌ఫార్మర్ పెంచుతుంది. రెక్టిఫయర్ వాల్వు మళ్లీ తిన్నగా చేస్తుంది. 6ఎల్6 ఒక్కోదాని హీటరే 6.3 ఓల్టుల దగ్గర 0.9 ఆంపియర్ తాగుతుంది. రెండు వాల్వులకు హీటర్లకే 11 వాట్లు పోయాక మిగిలిన దాంట్లోంచి శబ్దం రావాలి. 20 వాట్ల సెట్టు మొత్తం మీద 100 వాట్ల దాకా లాగితే 12 ఓల్టుల బ్యాటరీ మీద అది ఎనిమిది ఆంపియర్లకు పైమాట. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద తొమ్మిది గంటలు రావాలి గాని, అంత వేగంగా లాగితే అంతసేపు నిలవదు. రాత్రి పదింటికి మొదలై తెల్లవారే దాకా సాగే పద్య నాటకానికి ఒక్క బ్యాటరీతో వెళ్లడమంటే చివరి అంకంలో మైకు మూగబోతుందని తెలిసే వెళ్లడం. సౌండ్ సర్వీసు బండిలో రెండో బ్యాటరీ ఉండటం విలాసం కాదు, నాటకం నిడివి నుంచి పుట్టిన లెక్క.

ట్రాన్సిస్టర్ వచ్చాక హీటర్ల బాధ తీరింది, వైబ్రేటర్ మూలపడింది. బ్యాటరీ నుంచే నేరుగా యాంప్లిఫయర్ నడవడం మొదలైంది. కానీ బ్యాటరీ 12 ఓల్టుల దగ్గరే ఉంది. ఓమ్స్ లా ఎవరి కోసమూ సడలదు. 12 ఓల్టుల మీద నడిచే మామూలు సర్క్యూట్ ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు నష్టాలేమీ లేవనుకున్నా రెండుంబావు వాట్లకు మించి ఇవ్వలేదు. నాలుగు ఓమ్‌లకైతే నాలుగున్నర. పందిరికి అది ఏ మూలకూ చాలదు. అందుకే మైకు సెట్టు యాంప్లిఫయర్లలో వాల్వులతో పాటు పోవలసిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ట్రాన్సిస్టర్లు వచ్చాక కూడా ఉండిపోయింది. రెండు వైపులా 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు పెట్టి, తక్కువ ఓల్టేజి దగ్గర ఎక్కువ కరెంటు లాగి, దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి హారన్లకు పంపించారు. ఇది పాతపద్ధతి మీద మమకారంతో చేసింది కాదు. బ్యాటరీని వదులుకోలేని పరిస్థితిలో చేసింది. 1940లో మొదలైన అహుజా వంటి కంపెనీల పెట్టెల వెనక మెయిన్స్ తీగకూ బ్యాటరీ తీగలకూ విడివిడిగా చోటుండటం కూడా ఈ దేశపు కరెంటు తీరును ఒప్పుకోవడమే. స్థానికంగా కట్టిన పెట్టెలూ అదే దారి పట్టాయి. ఇక్కడ కట్టినవాళ్లు కంపెనీని చూసి నేర్చుకున్నారనుకోవచ్చు గాని, కంపెనీకీ వీళ్లకీ గురువు ఒకటే: నమ్మకంలేని కరెంటు.

ఇంటి యాంప్లిఫయర్ కథ వేరుగా నడిచింది. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక డెల్టా ఊళ్లలో రేడియోలు పెరిగాయి, వాటితో పాటు రేడియో మెకానిక్కులూ పెరిగారు. టేప్ రికార్డర్లు, కేసెట్లు వచ్చిన 1980లలో ఇంట్లో పెద్ద శబ్దం కావాలన్న కోరిక కుర్రకారులో బలపడింది. మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచో హైదరాబాదు కోఠీ నుంచో ఐసీలు, అచ్చు బోర్డులు వచ్చేవి. వాటిలో టీడీఏ2003 కారు రేడియో కోసం తయారైంది. ఎల్ఏ4440 కూడా కారు ఓల్టేజికి సరిపోయేలా చేసిందే. కారు అన్నది అరుదైన ఊళ్లలో కారు ఐసీ ఇంటింటికీ చేరడానికి కారణం మళ్లీ సప్లయే. 12 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడైనా దొరుకుతుంది, కరెంటు పోతే అదే యాంప్లిఫయర్‌ను బ్యాటరీకి తగిలించుకోవచ్చు. మంచి శబ్దమిచ్చే ఐసీని ఎంచుకుని దానికి సప్లయ్ వెతకలేదు. చేతిలో ఉన్న సప్లయ్‌కి సరిపడే ఐసీని ఎంచుకున్నారు.

షాపులో అడిగే మాట ‘పన్నెండు–సున్నా–పన్నెండు’. మధ్య తీగకు అటూ ఇటూ పన్నెండేసి ఓల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అని అర్థం. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా వాదన నిలిచేదీ పడేదీ ఈ లెక్క మీదే. టీడీఏ2030 అనే ఐసీకి అటు 18, ఇటు 18 ఓల్టులు గరిష్ఠ హద్దు. అది దాటితే ఐసీకి హామీ లేదు. పుస్తకం లెక్క ప్రకారం 12 ఓల్టుల ఏసీని రెక్టిఫై చేసి కెపాసిటర్ మీద నిలబెడితే 1.414 రెట్లు, అంటే 17 ఓల్టులు వస్తుంది. డయోడ్‌లో ఒక ఓల్టు పోతే 16. హద్దు 18 కాబట్టి బ్రహ్మాండంగా సరిపోయిందనిపిస్తుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 12 పూర్తి లోడు ఉన్నప్పటి మాట. పాట ఆగి యాంప్లిఫయర్ ఊరికే ఉన్నప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పది శాతం పైనే ఎక్కువ ఇస్తుంది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఇంటికొచ్చే ఓల్టేజి ప్రకటించిన దానికి 6 శాతం అటూ ఇటూ ఉండవచ్చని ఒప్పుకున్నాయి. 230కి అది 216 నుంచి 244. ఈ రెండు పెరుగుదలలూ ఒకేసారి వస్తే 12 కాస్తా 14 అవుతుంది, రెక్టిఫై అయ్యాక 19కి దగ్గర పడుతుంది. అంటే కరెంటు చట్టబద్ధంగా ఉన్నప్పుడే ఐసీ హద్దు దాటిపోయింది. డేటా షీట్ చూసి కట్టిన సెట్టు పాట ఆగినప్పుడే కాలిపోవడం ఎందుకో కొత్తగా కట్టినవాడికి అంతుపట్టదు. అనుభవమున్నవాడు అందుకే ‘తొమ్మిది–సున్నా–తొమ్మిది’ తీసుకోమంటాడు, లేకపోతే 22 ఓల్టుల దాకా ఓర్చుకునే 2030ఏ రకం తెమ్మంటాడు. అతనికి లెక్క రాదనుకోవడం పొరపాటు. పుస్తకంలో లేని అంకెను అతను లెక్కలో కలుపుకున్నాడు.

పై హద్దు ఒకవైపు, కింది హద్దు మరోవైపు. పల్లె లైను చివర ఉన్న ఇంటికి సాయంత్రం దీపాల వేళ ఓల్టేజి చట్టం చెప్పిన 216 దగ్గర ఆగదని డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. 190కి పడిందనుకుందాం. పై ట్రాన్స్‌ఫార్మరే 16 ఓల్టుల బదులు 13 ఇస్తుంది. వాట్లు ఓల్టుల వర్గాన్ని బట్టి ఉంటాయి కాబట్టి శక్తిలో మూడో వంతు పోతుంది. మళ్లీ ఊరు నిద్రపోయాక, దీపాలూ మోటార్లూ ఆగాక అదే తీగలో ఓల్టేజి పైకి లేస్తుంది. రాత్రంతా సాగే నాటకానికి మైకు పెట్టిన సెట్టు మొదటి అంకంలో ఆకలితోనూ, చివరి అంకంలో అజీర్తితోనూ ఉండేదన్నమాట. పద్య నాటకం మామూలు ఉపన్యాసం లాంటిది కాదు కూడా. ఉపన్యాసంలో మాటకూ మాటకూ మధ్య విరామం ఉంటుంది, ఆ విరామంలో కెపాసిటర్లు నిండుతాయి. తారస్థాయిలో అర నిమిషం పట్టి నిలబెట్టిన రాగం ఆ విరామం ఇవ్వదు. ఆ అర నిమిషమూ ట్రాన్స్‌ఫార్మర్ నిజంగా ఎంత కరెంటు ఇవ్వగలదో అంతే శబ్దం. ఈ ప్రాంతంలో కట్టిన పెట్టెల్లో ట్రాన్స్‌ఫార్మర్ అవసరానికి మించి బరువుగా ఉంటుందని కొందరు చదువుకున్న ఇంజనీర్లు విమర్శిస్తారు. ఉపన్యాసానికైతే ఆ విమర్శ సరైనదే. నాటకానికి కాదు.

ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడి నుంచి వచ్చింది? రెడీమేడ్‌గా దొరికేది కొందరికి, చుట్టించుకున్నది కొందరికి. చుట్టడం ఈ ఊళ్లకు కొత్త విద్య కాదు. తెనాలి చుట్టుపక్కల రైసు మిల్లులు, బాపట్ల తీరం ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింట్ల మోటార్లు, 1990ల నుంచి రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లు. లో ఓల్టేజికి మోటారు కాలుతుంది, కాలిన మోటారుకు తీగ మార్చడానికి వైండింగ్ షాపు కావాలి. కరెంటు లోపమే వైండింగ్ పనిని పెంచింది, ఆ పనే యాంప్లిఫయర్ కట్టేవాడికి ఆ లోపాన్ని తట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చింది. ఒక చదరపు అంగుళం అడ్డుకోత ఉన్న కోరుకు ఓల్టుకు ఏడు చుట్ల చొప్పున 230 ఓల్టుల ప్రైమరీకి 1,610 చుట్లు పడతాయి. రాగి మిగుల్చుకోవాలనుకునే తయారీదారు ఓల్టుకు ఆరుతో సరిపెడతాడు. 230 ఓల్టులు, 50 హెర్ట్జ్ నికరంగా ఉంటే ఆరు చాలు. కానీ కోరులో అయస్కాంత శక్తి ఓల్టేజి పెరిగినా పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గినా పెరుగుతుంది. 1990లలో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ తరచు 49 హెర్ట్జ్ కిందికి జారేది. 2003 జనవరిలో దక్షిణాదిలో లభ్యతను బట్టి టారిఫ్ పద్ధతి వచ్చాక గాని అది గాడిన పడలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసింది. 2003కు ముందు కాలంలో ఆరు చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ అర్ధరాత్రి గుంయ్‌మంటూ వేడెక్కడానికి కారణం ఇదే. ‘ఓ రెండొందల చుట్లు ఎక్కువెయ్యి, సెకండరీకి పద్దెనిమిది గేజి తియ్యి’ అనే మెకానిక్కు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పేరు ఎత్తి ఉండకపోవచ్చు. అతని మాటలో మాత్రం ఆ ఫ్రీక్వెన్సీకి జవాబుంది. పద్దెనిమిది గేజి తీగ మందం 1.22 మిల్లీమీటర్లు, మూడు ఆంపియర్ల దాకా వేడెక్కకుండా మోస్తుంది. సముద్రపు తేమ ఎక్కువున్న బాపట్ల, నిజాంపట్నం వైపు చుట్టిన బాబిన్‌ను వార్నిష్‌లో ముంచి ఎండబెట్టడం కూడా అంతే అవసరమైన పని.

ఇక కెపాసిటర్ల మాట. ఇంట్లో కట్టిన సెట్టు మీద అందరూ చేసే ఫిర్యాదు హమ్మింగ్. 50 హెర్ట్జ్ కరెంటును ఫుల్‌వేవ్ రెక్టిఫై చేస్తే సెకనుకు 100 అలలు మిగులుతాయి, అవే స్పీకర్‌లో గుంయ్‌మంటాయి. 2 ఆంపియర్లు లాగే సెట్టుకు 4,700 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ అల ఎత్తు నాలుగు ఓల్టులు దాటుతుంది. 10,000 పెడితే రెండుకు దిగుతుంది. ఇంత సులువైన లెక్క ఉండగా చాలామంది చిన్న కెపాసిటర్లతోనే ఎందుకు కట్టారు? పిసినారితనమని తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు. కట్టినవాడి చేతి అలవాటు మైకు సెట్టు దగ్గర నేర్చుకున్నది. మైకు సెట్టు మోగించేది హారన్లను. బాకా హారన్ 300 హెర్ట్జ్ కిందిది దాదాపు పలకదు. 100 హెర్ట్జ్ హమ్ యాంప్లిఫయర్‌లో ఉన్నా బయటికి రాదు. హారన్ ఒక ఫిల్టర్ పని ఉచితంగా చేసి పెట్టింది. కేసెట్ల కాలంలో అదే సప్లయ్‌ను పన్నెండంగుళాల స్పీకర్ బిగించిన చెక్క పెట్టెకో, కుండ మూతి మీద బోర్లించిన స్పీకర్‌కో కలిపినప్పుడు దాగిన హమ్ బయటపడింది. స్పీకర్ మారితే సప్లయ్ మారాలన్న సంగతి ఈ ప్రాంతం అలా చెవులతో నేర్చుకుంది. కన్ననూరు కెల్ట్రాన్ కెపాసిటర్లు ఆ రోజుల్లో విరివిగా వాడకంలోకి వచ్చాయి. అనుభవం ఉన్నవాడు ‘24–0–24’ ట్రాన్స్‌ఫార్మర్‌కు 35 ఓల్టుల కెపాసిటర్ పెట్టేవాడు కాదు. చవక కదా అని పెడితే ఖాళీగా ఉన్న వేళ 38, 39 ఓల్టులు దాని మీద పడి ఉబ్బుతుంది; 50 ఓల్టులదో 63 ఓల్టులదో తెచ్చుకోవడమే క్షేమం.

రెగ్యులేటర్ పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అనే అభ్యంతరం బలమైంది. బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల 1981లో వచ్చింది. ఎలక్ట్రానిక్స్ లాబులో ప్రతి విద్యార్థీ రెగ్యులేటెడ్ పవర్ సప్లయ్ కట్టి కొలుస్తాడు. మరి అదే ఊళ్లో యాంప్లిఫయర్లు రెగ్యులేటర్ లేకుండా ఎందుకు నడిచాయి? ఇదీ లెక్కతోనే తేలుతుంది. ఎప్పుడూ నికరంగా 12 ఓల్టులు రావాలంటే, మెయిన్స్ 170కి పడ్డప్పుడు కూడా రెగ్యులేటర్ ముందు 14 దాకా ఉండాలి. అల ఎత్తునూ డయోడ్లనూ తీసేస్తే దానికి కనీసం 18 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ 260కి లేచినప్పుడు 27 ఓల్టులు ఇస్తుంది. పైనున్న 15 ఓల్టులూ రెండు ఆంపియర్ల దగ్గర 30 వాట్ల వేడిగా రెగ్యులేటర్ ట్రాన్సిస్టర్ మీద పడతాయి. యాంప్లిఫయర్ ఇచ్చే శబ్దం కన్నా రెగ్యులేటర్ పుట్టించే వేడి ఎక్కువ. లాబులో మెయిన్స్ నిలకడగా ఉంటుంది కాబట్టి అక్కడ అది మంచి పాఠం. లైను చివరి ఇంట్లో అది హీట్ సింక్ ఖర్చు. టీవీలతో పాటు వచ్చిన రిలే స్టెబిలైజర్ కొంత ఆదుకున్నా, రిలే మారినప్పుడల్లా ఓల్టేజి ఒక్క గెంతు గెంతుతుంది. అది స్పీకర్‌లో టప్పున వినపడుతుంది. ప్రీయాంప్లిఫయర్‌కు మాత్రం, అది లాగేది మిల్లీఆంపియర్లే కాబట్టి, రెగ్యులేటర్ పెట్టి, పవర్ భాగాన్ని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కూ పెద్ద కెపాసిటర్లకూ వదిలేయడం నా దృష్టిలో ఈ ప్రాంతం చేరుకున్న సరైన తీర్పు.

బ్యాటరీని వదలకపోవడానికి ఇంకో బలమైన కారణం ఈ తీరమే. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను, దానికి ఈవలి ఒడ్డున ఉన్న రేపల్లె ప్రాంతాన్ని ముంచింది. 1990 మే నెలలో మరో పెను తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం తాకింది. స్తంభాలు కూలిన ఊళ్లో మెయిన్స్ మీద మాత్రమే నడిచే యాంప్లిఫయర్ ఎంత మంచిదైనా పనికిరాదు. ఖాళీ చేయమని, అన్నం ఫలానా బడిలో పెడుతున్నామని చెప్పే మైకు బ్యాటరీ మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఇదంతా పాత కథేనని, స్విచ్ మోడ్ పవర్ సప్లయ్ (ఎస్‌ఎంపీఎస్) వచ్చాక లెక్కలు మారాయని మరో అభ్యంతరం. 90 నుంచి 264 ఓల్టుల దాకా ఏది వచ్చినా 24 ఓల్టులు నికరంగా ఇచ్చే చిన్న డబ్బా, టీపీఏ3116 లాంటి క్లాస్–డి బోర్డు కలిస్తే అరచేతిలో పట్టే యాంప్లిఫయర్ తయారు. ఒప్పుకోవాల్సిందే, ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ఊగిసలాటకు ఇంత మంచి మందు ఇంతకు ముందు రాలేదు. కానీ అది సమస్యను తీసేయలేదు, చోటు మార్చింది. ట్రాన్స్‌ఫార్మర్ క్షణకాలం రెట్టింపు కరెంటు అడిగినా ఇచ్చి కాస్త వేడెక్కుతుంది. ఎస్‌ఎంపీఎస్ హద్దు దాటగానే తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి దాని మీద రాసిన ఆంపియర్లను సగటు శబ్దానికి కాక డోలు దెబ్బకు సరిపడా లెక్కవేయాలి. ఆ క్లాస్–డి ఐసీని 26 ఓల్టులకు మించి నడపకూడదు, సప్లయ్ డబ్బాలోనేమో ఓల్టేజి సర్దే స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూను తెలియక తిప్పితే పాత టీడీఏ2030 గతే దీనికీ పడుతుంది. పైగా పిడుగుపాటు ఓల్టేజికి పోయిన ఎస్‌ఎంపీఎస్‌ను తీగ మార్చి బతికించడం కుదరదు. ఏ ఊరి కరెంటుకు ఏ సప్లయ్ అన్న ప్రశ్న ఇప్పటికీ కట్టుకునేవాడి ముందే ఉంది.

ఆ ప్రశ్నకు ఈ మూడు ఊళ్లు ఇచ్చిన జవాబులు అటకల మీద పడి ఉన్న పెట్టెల్లో ఉన్నాయి. వాటిని రాగి కోసం కిలోల లెక్కన అమ్మేస్తున్నారు. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన సౌండ్ సర్వీసు కొట్లోనో స్థానికంగా కట్టిన పాత యాంప్లిఫయర్ ఉంటే దాన్ని తూకానికి వేసే ముందు మూత తీసి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన ఓల్టులు, కోరు వెడల్పు, తీగ గేజి, కెపాసిటర్ల విలువలు, ఏ ఐసీ, ఏ సంవత్సరంలో ఎవరి కోసం కట్టారు అన్నవి ఒక కాగితం మీద రాసి, రెండు ఫొటోలు తీసి ఉంచండి. చుట్టినవాళ్లు ఇంకా ఉంటే ఓల్టుకు ఎన్ని చుట్లు వేసేవారో అడిగి రాసుకోండి. బాపట్లలోనూ తెనాలిలోనూ ఎలక్ట్రానిక్స్ చెప్పే అధ్యాపకులు ఒక్కో బ్యాచ్ విద్యార్థుల చేత ఇలాంటి పది పెట్టెలు కొలిపించినా, ఈ ప్రాంతపు పనివాళ్ల లెక్కలు మొదటిసారి కాగితం మీదికి ఎక్కుతాయి.